శ్రుతి తగ్గినా స్తుతి తగ్గలేదు

కుమారుడైన అబ్షాలోము తిరుగుబాటు చేసినప్పుడు దావీదు రాజు యెరూషలేము విడిచి పారిపోయాడు. మహనయీములో తలదాచుకున్న ఆ రోజుల్లో ఆయనకు, ఆయన మనుషులకు తిండిగింజలు పంపి ఆదుకున్న వారిలో ఒకడు బర్జిల్లయి. కష్టకాలం తీరి తిరిగి వెళ్తున్న రాజు ఆ మేలు మరచిపోకుండా తనతో యెరూషలేముకు రమ్మని పిలిచాడు. అప్పటికి బర్జిల్లయి ఎనభై ఏళ్లవాడు. తినేదానికి రుచి తెలియడం లేదని, గాయనీ గాయకుల పాట కూడా చెవికి సరిగా ఆనడం లేదని, ఈ వయసులో రాజుకు భారం కావడమెందుకని వినయంగా తప్పుకున్నాడు (2 సమూయేలు 19:31-38). ఎనభైలో పాడటం మాట అటుంచి, వినడమే కష్టమన్నది ఆయన అనుభవం.

ఆ అనుభవంలో అబద్ధమేమీ లేదు. వయసు మీద పడేకొద్దీ స్వరతంత్రులు సాగే గుణాన్ని కోల్పోతాయి. ఊపిరి చాలదు. ఒకప్పుడు అవలీలగా అందిన పైస్థాయి అందకుండా పోతుంది. వేళ్ల కీళ్లు బిగుసుకుని హార్మోనియం మెట్ల మీద వేగం తగ్గుతుంది. అందుకే అరవై దాటగానే 'ఇక చాలు' అనుకునే గాయకులు చాలామంది ఉంటారు. మరి, ఎనభై దాటాక, తొంభై దాటాక కూడా వేదిక మీద నిలబడి దేవుణ్ణి స్తుతించిన వారు ఆ పని ఎలా చేయగలిగారు? అమెరికాలోని ఒక అంధ గాయక బృందం, కెనడాలో పుట్టిన ఒక పాస్టరుగారి కుమారుడు ఈ ప్రశ్నకు తమ జీవితాలతో జవాబిచ్చారు.

అలబామా రాష్ట్రంలోని టల్లడేగా పట్టణంలో నల్లజాతి అంధ విద్యార్థుల కోసం వేరుగా ఒక పాఠశాల ఉండేది. తెల్లవారికీ నల్లవారికీ బడి, బస్సు, హోటలు అన్నీ వేరువేరుగా ఉన్న కాలమది. చూపులేని నల్లజాతి పిల్లవాడికి ఏదో ఒక చేతివృత్తి నేర్పితే చాలని లోకం భావించేది. ఆ బడిలో 1939 ప్రాంతంలో కొందరు పిల్లలు కలిసి సువార్త గీతాలు పాడటం మొదలుపెట్టారు. క్లారెన్స్ ఫౌంటెన్, జార్జ్ స్కాట్ వంటి వారు వారిలో ఉన్నారు. 1944లో, ఇంకా మీసాలు కూడా సరిగా రాని వయసులో, పాటనే నమ్ముకుని వారు బడి వదిలి బయటికి వచ్చారు. వారే తరువాతి కాలంలో 'బ్లైండ్ బాయ్స్ ఆఫ్ అలబామా'గా పేరు పొందారు.

వారికి అసలు పరీక్ష 1950వ దశకంలో ఎదురైంది. సువార్త గీతాలతో పేరు తెచ్చుకున్న సామ్ కుక్ వంటి గాయకులు ఆ దశకం చివరలో ప్రేమ పాటల వైపు మళ్లారు. రేడియోల్లో మారుమోగారు, బాగా డబ్బు గడించారు. బ్లైండ్ బాయ్స్ మాత్రం ఆ దారిలోకి వెళ్లలేదు. చిన్న చిన్న ఆలయాల్లో, చిన్న హాళ్లలో పాడుతూ, నల్లవారికి గది ఇవ్వని ఊళ్ల మీదుగా ప్రయాణాలు చేస్తూ ఏళ్లు గడిపారు. కొత్త తరానికి కొత్త సంగీతం వచ్చింది. వీరి పాట పాతబడిందని జనం అనుకున్నారు.

దేవుని గడియారం వేరు. 1983లో 'ద గాస్పెల్ ఎట్ కొలోనస్' అనే సంగీత నాటకంలో వీరికి అవకాశం వచ్చింది. ప్రాచీన గ్రీకు కథలోని అంధుడైన ముసలి రాజు పాత్రను ఈ అంధ గాయకులంతా కలిసి పోషించారు. అప్పటివరకు వీరి పేరైనా వినని ప్రేక్షకులు ఆ నాటకం ద్వారా వీరిని తెలుసుకున్నారు. ఆ తరువాత 2002లో మొదటి గ్రామీ పురస్కారం వచ్చింది. అప్పటికి ఫౌంటెన్ వయసు 72. ఆ వెంట 2003, 2004, 2005లలో కూడా వరుసగా గ్రామీలు అందుకున్నారు. చిన్ననాడు మొదలుపెట్టిన పనికి ముదిమిలో గుర్తింపు వచ్చిందన్నమాట. ఆ గుర్తింపు రాకపోయి ఉంటే వారు పాడటం మానేసేవారా? దాదాపు నలభై ఏళ్లు అది లేకుండానే పాడిన వారు మరో ఇరవై ఏళ్లు పాడలేరా?

వారు వేదిక మీదికి వచ్చే తీరు చూసిన వారెవరూ మరచిపోలేరు. ఒకరి భుజం మీద మరొకరు చెయ్యి వేసుకుని, వరుసగా, నెమ్మదిగా నడిచి వస్తారు. కుర్చీల్లో కూర్చుంటారు. పాట ఊపందుకున్నాక జిమ్మీ కార్టర్ లేచేవారు (అమెరికా మాజీ అధ్యక్షుడు కాదు, అదే పేరున్న గాయకుడు). ఒకరి చెయ్యి పట్టుకుని జనం మధ్యకు దిగి, తాను చూడలేని ముఖాల ఎదుట నిలబడి ఎలుగెత్తి పాడేవారు. ఎనభై దాటాక కూడా ఆయన ఆ అలవాటు మానలేదు. 2023లో, తొంభై దాటిన తరువాత, ఆయన సంచార పరిచర్య నుండి విశ్రాంతి తీసుకున్నారు. అదే ఏడాది విడుదలైన వారి ఆల్బమ్‌కు 2024లో మళ్లీ గ్రామీ వచ్చింది.

ఈ కథలో మనం గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. జార్జ్ స్కాట్ 2005లో కన్నుమూశారు. మధుమేహం వల్ల ఆరోగ్యం క్షీణించి ఫౌంటెన్ 2007లో ప్రయాణాలు మానుకున్నారు. 2018లో 88 ఏళ్ల వయసులో ప్రభువు సన్నిధికి చేరారు. అయినా బృందం ఆగలేదు. ఇరవై మూడేళ్ల ప్రాయంలో చూపు పోగొట్టుకున్న రికీ మెకినీ 1989లోనే డ్రమ్ములు వాయించడానికి ఇందులో చేరారు. పెద్దల పక్కనే కూర్చుని పాట నేర్చుకున్నారు. పెద్దలు తప్పుకున్నాక బృందాన్ని నడిపించే బాధ్యత ఆయన మీదికి వచ్చింది. వేదిక మీద భుజం మీద వేసిన చెయ్యి లాంటిదే ఇది. ముందున్నవారు నడుస్తారు, వెనుక ఉన్నవారు పట్టుకుంటారు, ఆ వరుస సాగిపోతూ ఉంటుంది.

రెండో సాక్ష్యం జార్జ్ బెవర్లీ షేది. 1909లో కెనడాలోని వించెస్టర్‌లో ఒక పాస్టరుగారి ఇంట పుట్టాడాయన. ఆర్థిక మాంద్యం రోజుల్లో చదువు ఆపి న్యూయార్క్‌లో ఒక బీమా కంపెనీలో గుమాస్తాగా చేరాడు. కుమారుడి గొంతు ఎటు వెళ్తుందోనని తల్లి ప్రార్థించే రోజులవి. లోకంలోని దేనికన్నా యేసే తనకు మిన్న అనే భావం గల ఒక కవితను ఆమె పియానో మీద అతనికి కనబడేలా పెట్టింది. ఇరవై మూడేళ్ల షే ఆ కవితకు అక్కడికక్కడే బాణీ కట్టాడు. 'ఐడ్ రాదర్ హావ్ జీసస్' అన్న ఆ పాట ప్రపంచమంతా వ్యాపించింది. తరువాత రేడియోలో లౌకిక గీతాలు పాడే బృందంలో మంచి జీతంతో ఉద్యోగం వస్తే, తాను బాణీ కట్టిన పాటకు తానే కట్టుబడి దాన్ని వద్దనుకున్నాడు.

1947 నుండి ఆయన బిల్లీ గ్రాహం సువార్త సభల్లో పాడారు. ప్రసంగానికి ముందు జనుల హృదయాలను సిద్ధపరచే పాట ఆయనదే. 1957లో న్యూయార్క్‌లో పదహారు వారాలు సాగిన సభల్లో ఆయన పాడిన 'హౌ గ్రేట్ దౌ ఆర్ట్' అమెరికా సంఘాలన్నిటికీ పరిచయమైంది. 2005లో అదే న్యూయార్క్‌లో గ్రాహం చివరి మహాసభ జరిగింది. ప్రసంగీకుడికి 86 ఏళ్లు, గాయకుడికి 96 ఏళ్లు! 2011లో, 102 ఏళ్ల వయసులో, షేకు జీవన సాఫల్య గ్రామీ లభించింది. 2013లో 104వ ఏట ఆయన ప్రభువును చేరారు. పెద్ద వయసులో ఆయన గొంతులో పూర్వపు గాంభీర్యం తగ్గింది నిజమే. కాని 23వ ఏట ఒప్పుకున్న మాటను 96వ ఏట పాడుతుంటే వినేవారికి ఆ లోటు కనబడుతుందా? యౌవనంలో అదే పాట పాడితే అది తీర్మానం. డెబ్బై ఏళ్లు గడిచాక పాడితే అది సాక్ష్యం. ముసలి గొంతుకు మాత్రమే ఉన్న బలం ఇదే.

ఇక మన సంఘాల సంగతికి వద్దాం. మన ఆలయాల్లో హార్మోనియం ముందు, తబలా ముందు ముప్పై నలభై ఏళ్లు కూర్చున్న తాతయ్యలు ఉన్నారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఏ పాట ఏ రాగమో, ఏ తాళమో పుస్తకం చూడకుండా చెప్పగల అమ్మమ్మలున్నారు. కీబోర్డులు, డ్రమ్ పాడ్‌లు వచ్చాక వీరిలో చాలామంది మెల్లగా వెనుక బెంచీల్లోకి వెళ్లిపోయారు. ఎవరూ వెళ్లమని అనలేదు, రమ్మని కూడా అనలేదు. వారితోపాటే ఎన్నో కీర్తనల పాత వరసలు కూడా వెనుక బెంచీల్లోకి వెళ్లిపోతున్నాయి. స్వరలిపిలో రాసుకోని వరస పాడేవారితోనే సమాధికి వెళ్తుంది. తరువాత ఎంత మంచి కీబోర్డు కొన్నా అది తిరిగి రాదు.

మరోవైపు, కుర్చీ వదలని పెద్దలూ మనకు తెలుసు. పిల్లవాడు తాళం తప్పితే అందరి ముందు గద్దించి, మళ్లీ ఆ పిల్లవాడు వాయిద్యం ముట్టకుండా చేసిన వారూ ఉన్నారు. ఈ రెండింటినీ బైబిలు సరిదిద్దుతుంది. లేవీయులు యాభై ఏళ్లకు బరువు పని మానాలి, కాని గుడారం దగ్గరే ఉండి తమ సహోదరులకు తోడ్పడాలి (సంఖ్యాకాండము 8:24-26). మందిర సంగీతానికి దావీదు నియమించిన ప్రవీణులు 288 మంది. వారి వంతులు నిర్ణయించేటప్పుడు పిన్న, పెద్ద, గురువు, శిష్యుడు అనే తేడా లేకుండా అందరికీ కలిపే చీట్లు వేశారు (1 దినవృత్తాంతములు 25:7-8). అంటే గురువూ శిష్యుడూ ఒకే వరుసలో నిలబడాలన్నది దేవుని మందిరంలోని ఏర్పాటు.

బర్జిల్లయి కూడా ఉత్తచేతులతో తప్పుకోలేదు. తన బదులు కింహామును రాజుతో పంపించాడు. తాను వెళ్లలేని చోటికి ఒక యువకుణ్ణి సిద్ధపరచి పంపడం కూడా పరిచర్యే.

వచ్చే ఆదివారం ఆరాధనకు వెళ్లినప్పుడు, యువకులారా, వెనుక బెంచీలో కూర్చున్న ఆ పెద్దాయన దగ్గరికి వెళ్లి, 'తాతయ్యా, ఈ కీర్తన అసలు వరస నేర్పించండి' అని అడగండి. ఆయన పాడుతుంటే మీ ఫోనులో రికార్డు చేసుకోండి. ఆయన గొంతుకు తగినట్లు మీ కీబోర్డు శ్రుతి కాస్త తగ్గించండి. పెద్దలారా, పిలుపు వచ్చినప్పుడు 'ఇంకేం పాడతాం బాబూ' అనకండి. పైస్థాయి అందకపోతే కింది స్థాయిలో పాడండి. ఒక చరణం మీరు పాడి, మరో చరణం పక్కనున్న పిల్లవాడికివ్వండి. దేవుడు అరువుగా ఇచ్చిన ఊపిరి ఇంకా మనలో ఉందంటే, ఆయనకు చెల్లించవలసిన స్తుతి ఇంకా మిగిలి ఉందన్నమాటే!