చలిలో బైక్: ఎక్కడ ఆగాలో చెప్పేది వేళ్లే

భిలాయి ఉక్కు కర్మాగారం బ్లాస్ట్ ఫర్నేస్‌లో కరిగిన ఇనుము వేడి సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్. జనవరి తెల్లవారుజామున బైక్‌పై మొదటి షిఫ్టుకు బయల్దేరిన కార్మికుడి వేళ్లు మాత్రం చలికి కొంకర్లు పోతాయి.

గాలి ఉష్ణోగ్రత 10 డిగ్రీలున్నా, గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఒంటికి 5 డిగ్రీల చలిలా తగులుతుంది. చర్మాన్ని అంటిపెట్టుకుని ఉండే వెచ్చటి గాలి పొరను ఎదురుగాలి ఊడ్చేయడమే కారణం. లోపలి అవయవాల వేడిని కాపాడేందుకు శరీరం వేళ్లకు రక్తప్రసరణ తగ్గిస్తుంది. చేతి చర్మం 15 డిగ్రీల కంటే చల్లబడితే వేళ్ల చురుకుదనం పోతుంది. ఆ వేగంలో బ్రేక్ అరసెకను ఆలస్యమైతే బండి 8 మీటర్లు అదనంగా దూసుకుపోతుంది.

అందుకే ‘ఎన్ని డిగ్రీల దగ్గర ఆగాలి?’ అన్నదానికి అందరికీ సరిపోయే అంకె లేదు. బొటనవేలితో చిటికెనవేలిని తాకలేకపోతే, బండి పక్కకు ఆపి చేతులు చంకల్లో పెట్టుకోవాల్సిందే. ఉన్ని గ్లౌజుల్లోంచి గాలి దూరుతుంది. వాటిపై గాలి చొరని తొడుగు ఉండాలి.