రింగు ఒకటే... లెక్కే వేరు!

నల్లమల అంచున ఉన్న బల్మూర్‌లోనైనా సరే, సెల్‌ఫోన్‌కి సిగ్నల్ అందితే చాలు... లాస్‌వేగాస్ బాక్సర్లు ఎంత దూరం పరుగెత్తుతారో, ఏం తింటారో, బరువెలా తగ్గుతారో అన్నీ కళ్లముందుంటాయి. స్కూల్ పోటీలకు సిద్ధమయ్యే కుర్రాడు అది చూసి ‘నేనూ ఇలాగే చేస్తా’ అనుకుంటే వింతేం లేదు. కానీ ఆ కుర్రాడు దిగబోయేది అమెచ్యూర్ రింగులోకి. ఫోన్లో కనిపించేదేమో ప్రొఫెషనల్ బాక్సింగ్! రెండుచోట్లా అవే తాళ్లు, అవే గ్లోవ్స్, అదే గంట. మరి అక్కడి సలహా ఇక్కడ పనికొస్తుందా?

కొంత పనికొస్తుంది. కొంత పనికిరాదు. ఒక్కటి మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది!

ముందు గడియారం సంగతి చూద్దాం. అమెచ్యూర్ బౌట్ అంటే మూడు నిమిషాల చొప్పున మూడు రౌండ్లు. మొత్తం 9 నిమిషాలు. జూనియర్లకైతే రౌండుకి 2 నిమిషాలే. అదే ప్రొఫెషనల్స్‌లో మగవాళ్ల టైటిల్ పోరు 12 రౌండ్లు, అంటే 36 నిమిషాలు. అంత సమయం ఉన్నవాడు మొదటి రెండు రౌండ్లు ప్రత్యర్థిని చదవడానికి కేటాయిస్తాడు. పక్కటెముకల కింద ఓపిగ్గా కొడుతూ పోతాడు... ఆ దెబ్బల ఫలితం ఏ ఎనిమిదో రౌండులోనో కనిపిస్తుంది. మూడు రౌండ్లవాడికి ఆ తీరిక ఎక్కడిది? మొదటి రౌండు చేజారితే మిగతా రెండూ గెలిచి తీరాల్సిందే. అందుకే గంట కొట్టీకొట్టగానే జోరందుకోవాలి. ప్రొఫెషనల్‌కి ఎక్కువసేపు సాగే దమ్ము కావాలి, అమెచ్యూర్‌కి విరామమివ్వని వేగం కావాలి.

విజేందర్ సింగ్‌నే తీసుకోండి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన ఆ హర్యానా బాక్సర్ 2015లో ప్రొఫెషనల్‌గా మారాడు. అందుకోసం మాంచెస్టర్ వెళ్లి, లీ బియర్డ్ అనే కోచ్ దగ్గర మళ్లీ శిష్యరికం చేశాడు. ఒలింపిక్ పతకం ఉన్నా సరే! మొదటి ఆరు బౌట్లూ నిర్ణీత రౌండ్లు పూర్తికాకుండానే ముగిశాయి. అసలు పరీక్ష 2016 జులైలో ఢిల్లీలో ఎదురైంది. కెర్రీ హోప్‌తో పది రౌండ్లూ పోరాడి, న్యాయనిర్ణేతల తీర్పుతో డబ్ల్యూబీవో ఆసియా పసిఫిక్ టైటిల్ గెలిచాడు.

అందరికీ అంత సాఫీగా సాగదు. ఉక్రెయిన్ బాక్సర్ లొమచెంకో 2008, 2012 ఒలింపిక్స్ రెండింట్లోనూ స్వర్ణం గెలిచినవాడు. అలాంటి మేటి కూడా 2014లో తన రెండో ప్రొఫెషనల్ బౌట్‌లోనే సలిడో చేతిలో ఓడిపోయాడు. మెక్సికోకి చెందిన ఆ పాతకాపు మీద పడి, పట్టుకుని, నడుం కింద కొట్టి నానా తంటాలు పెట్టాడు. లొమచెంకో పుంజుకునేసరికి బౌట్ చివరికొచ్చేసింది. అయితే పాఠం ఎంత త్వరగా వంటబట్టిందంటే... మూడో బౌట్‌కే ప్రపంచ టైటిల్ సాధించాడు.

మరి ఎదురు దారిలో వస్తే? 2016 రియో ఒలింపిక్స్‌కి తొలిసారి ప్రొఫెషనల్స్‌ని అనుమతించారు. ‘పాపం, అమెచ్యూర్లు నలిగిపోతారు’ అని చాలామంది భయపడ్డారు. అర్హత సాధించినవాళ్లు ముగ్గురే. కామెరూన్‌కి చెందిన హసన్ ఎన్‌డామ్, థాయ్‌లాండ్ బాక్సర్ అమ్నత్, ఇటలీకి చెందిన తొమ్మసోనె. ఒక్కరికీ పతకం రాలేదు. ఎన్‌డామ్ అయితే మొదటి బౌట్‌లోనే బ్రెజిల్ కుర్రాడి చేతిలో ఓడాడు. నలిగిందెవరో తేలిపోయింది!

ఇంకో చిక్కుంది. అమెచ్యూర్ బాక్సింగే ఎప్పుడూ ఒకేలా లేదు. 1992 నుంచి 2012 దాకా ఒలింపిక్స్‌లో కంప్యూటర్ స్కోరింగ్ ఉండేది. ఐదుగురిలో ముగ్గురు న్యాయనిర్ణేతలు ఒకే క్షణంలో బటన్ నొక్కితేనే పాయింటు. దాంతో అందరికీ స్పష్టంగా కనిపించేలా తలకి తగిలే నేరు పంచ్‌లకే గిరాకీ. 2013 నుంచి ప్రొఫెషనల్స్‌లో మాదిరిగా రౌండు గెలిచినవాళ్లకి పది మార్కులిచ్చే పద్ధతి వచ్చింది. అంటే పాత రోజుల అమెచ్యూర్ కోచ్ చెప్పిందీ ఒకసారి సరిచూసుకోవాల్సిందే.

నిలబడే తీరు, కాళ్ల కదలిక, స్కిప్పింగ్, అద్దం ముందు సాధన, కోచ్ చేతి ప్యాడ్ల మీద పంచ్‌లు... వీటికి మాత్రం ఏ తేడా లేదు. ఎవరి దగ్గర నేర్చుకున్నా నష్టం లేదు.

అసలు ప్రమాదం తూకంలో ఉంది. ప్రొఫెషనల్స్‌కి సాధారణంగా బౌట్‌కి ముందు రోజే బరువు చూస్తారు. నీళ్లు మానేసి, ఆవిరి గదుల్లో చెమటోడ్చి కిలోలకి కిలోలు తగ్గినా, మళ్లీ తాగి తిని కోలుకోవడానికి ఒక రోజు దొరుకుతుంది. (అదీ క్షేమమేమీ కాదు.) అమెచ్యూర్ టోర్నీలో ఆ వెసులుబాటు లేదు. పొద్దున తూకం, అదే రోజు బౌట్. గెలిస్తే తర్వాతి బౌట్ రోజు మళ్లీ తూకం! నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2023 మార్చిలో ఢిల్లీలో రెండోసారి ప్రపంచ విజేత అయ్యేందుకు రెండు వారాల్లోపే ఆరు బౌట్లు గెలవాల్సి వచ్చింది. విజేందర్ తన మొదటి ఆరు ప్రొఫెషనల్ బౌట్లకి ఏడు నెలలు తీసుకున్నాడు.

నిఖత్‌కే తూకం ఎంత కష్టమో పారిస్‌లో తెలిసొచ్చింది. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ టైటిల్ గెలిచింది 52 కిలోల విభాగంలో. ఒలింపిక్స్‌లో ఆ విభాగం లేదు కాబట్టి 50 కిలోలకు దిగింది. 2024 ఆగస్టు 1న చైనాకి చెందిన వు యుతో రెండో బౌట్. ఓడిపోయాక కన్నీళ్లతో ఆమె చెప్పిందేమిటంటే... బరువు కోసం రెండు రోజులుగా తిండి లేదు, తూకం అయ్యాకే నీళ్లు తాగింది, ఒంటికి కోలుకునే సమయం దొరకలేదు. వెంట నిపుణులున్న ప్రపంచ చాంపియన్ పరిస్థితే ఇది!

ఇక మే నెల ఎండలో, పాలమూరు నేల మీద, ప్లాస్టిక్ జాకెట్ తొడుక్కుని పరుగెత్తే పదిహేనేళ్ల పిల్లాడి సంగతి ఆలోచించండి. ఒంట్లో నీరు ఇంకిపోతే గుండె, కిడ్నీల మీద భారం పడుతుంది, వడదెబ్బకి ఎంతోసేపు పట్టదు. పైగా ఎదిగే వయసు. ఈ ఏడాది 48 కిలోలున్నవాడు వచ్చే ఏడాది 52 ఉండటమే సహజం. కాబట్టి పిల్లల్ని శిక్షణలో చేర్చే తల్లిదండ్రులు కోచ్‌ని మొదట అడగాల్సింది పతకాల గురించి కాదు. ‘బరువు పెరిగితే పస్తులుంచుతారా, పై విభాగంలో ఆడిస్తారా?’ అని అడగండి. నిఖత్ 2025లో లివర్‌పూల్ ప్రపంచ పోటీల్లో దిగింది 51 కిలోల విభాగంలో.