కారుకు పెట్రోలే ఖర్చా? – కృష్ణానగర్ లెక్కలలో అపోహలు, వాస్తవాలు

జూబ్లీహిల్స్ కొండవాలు దిగి యూసుఫ్‌గూడ వైపు వచ్చునప్పుడు కనబడు కృష్ణానగర్ గల్లీలలో, ఒక్కొక్క గదిని నలుగురైదుగురు పంచుకొని, నేటి బేటాను రేపటి టిఫిను ఖర్చుతో సరిచూచుకొనుచు, ఎప్పటికైన తెరమీద తమ పేరు పడునను ఆశతో జీవించు సహాయ దర్శకులు, జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, మేకప్ పనివారు ఎందరో కలరు. చాయ మొదలు గది అద్దె వరకు ప్రతి రూపాయికిని జమాఖర్చు చెప్పగల ఈ పేట, ఒక్క కారు విషయమున మాత్రము లెక్క తప్పుచున్నది. చేతికి నాలుగు కాసులు రాగానే కారు కొనవలెననుటయు, కొన్న పిదప "బస్సు టికెట్టుకు పెట్టెడి డబ్బుతో పెట్రోలు పోసికొని దర్జాగా పోవచ్చును గదా" యనుటయు ఇచ్చట సర్వసామాన్యము. విచిత్రమేమనగా, అదే గల్లీలో సినిమా కంపెనీలకు కార్లను కిరాయికి త్రిప్పి బ్రతుకు డ్రైవరు ఈ పొరపాటు చేయడు. ఎనిమిది గంటలు, ఎనుబది కిలోమీటర్లు అని ప్యాకేజీ చెప్పునప్పుడు అతడు పెట్రోలుతోపాటు టైర్ల అరుగుదల, బీమా, బ్యాంకు వాయిదా, ఖాళీగా తిరిగి వచ్చు దూరము, తన కూలి అన్నిటిని కలుపుకొనియే ధర చెప్పును. కారుమీద బ్రతుకువానికి తెలిసిన లెక్క కారులో తిరుగువానికి తెలియకపోవుటయే ఈ అపోహలన్నిటికిని మూలము.

అపోహ: కారు ప్రయాణపు ఖర్చనగా పెట్రోలు ఖర్చే.

పెట్రోలు బంకులో చెల్లించు సొమ్ము కంటికి కనబడును, చేతికి తగులును. కావుననే అది గుర్తుండును. ఇంటిముందు నిలిపిన కారు రాత్రియనక పగలనక కోల్పోవుచున్న విలువకు రసీదు లేదు. జర్మనీలో కారు యజమానులను ప్రశ్నించి జరిపిన పరిశీలన యొకటి 2020లో 'నేచర్' పత్రికయందు వెలువడినది. అందు తేలినదేమనగా, వారు ఇంధనపు వ్యయమును చాలవరకు సరిగానే చెప్పగలిగిరి గాని, విలువ తరుగుదల, పన్నులు, మరమ్మతులు మొదలగువానిని మిక్కిలి తక్కువగా తలచిరి. బెర్లిను పౌరుడును కృష్ణానగర్ వాసియు ఈ విషయమున ఒకే బడిలో చదివినవారే!

లెక్క తెలియుటకై ఎనిమిది లక్షల రూపాయల పెట్రోలు కారు నొకదానిని ఊహించుకొందము. తెలంగాణలో 2022 మే నెలలో సవరించిన పట్టిక ప్రకారము అయిదు లక్షలకు పైబడి పది లక్షలలోపు వెలగల కారుకు జీవితకాలపు పన్ను నూటికి 14 చొప్పున, అనగా 1,12,000 రూపాయలు. ఇక బీమా కంపెనీలు అనుసరించు తరుగుదల పట్టికను చూచినచో, కొన్న ఆరు నెలలకే నూటికి 5, ఏడాదికి 15, రెండేండ్లకు 20, మూడేండ్లకు 30, నాలుగేండ్లకు 40, అయిదేండ్లకు 50 చొప్పున కారు వెల తగ్గును. ఆ లెక్కన అయిదేండ్లలో పోయినది నాలుగు లక్షలు, పన్నుతో కలిసి 5,12,000, ఏడాదికి 1,02,400. బీమాకు ఏటేట ఒక ఇరువది వేలు వేసికొందము (వెయ్యి మొదలు పదునైదువందల సి.సి. వరకు గల కార్లకు మూడవపక్షపు బీమా 2022 జూన్ నుండి 3,416 రూపాయలు, మిగిలినది సొంత కారు నష్టమునకు). అనగా బండి కదలినను కదలకున్నను ఏడాదికి 1,22,400 రూపాయలు, నెలకు 10,200 రూపాయలు కరిగిపోవుచున్నవి. అప్పుమీది వడ్డీని నేను లెక్కలో కలుపలేదు. కలిపిన యెడల చాలమందికి కారు మీద విరక్తి కలుగును.

హైదరాబాదులో 2024 మార్చి తరువాత లీటరు పెట్రోలు 107 రూపాయల పైచిలుకు. నగరపు రద్దీలో లీటరుకు 14 కిలోమీటర్లు వచ్చినదనుకొన్న, కిలోమీటరుకు 7 రూపాయల 64 పైసలు. సర్వీసింగు, టైర్లు కలిపి కిలోమీటరుకు మరి రూపాయిన్నర. ఇప్పుడు స్థిరవ్యయమును పంచి చూడుడు. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరుగువానికి కిలోమీటరు సుమారు 21 రూపాయలు. 20,000 తిరుగువానికి 15. ఆదివారమునాడు పెద్దమ్మ గుడికిని, అప్పుడప్పుడు ఫిల్మ్‌నగర్‌లో ఆఫీసుల చుట్టును తిరిగి 5,000తో సరిపెట్టుకొనువానికి 33 రూపాయలకు పైగా. కారు తక్కువ త్రిప్పిన పొదుపు జరుగునని తలచువారు ఈ చివరి అంకెను మరియొకసారి చదువవలెను.

అపోహ: కంపెనీవారు చెప్పిన మైలేజి ప్రకారము లెక్క కట్టవచ్చును.

ఆ అంకె ప్రయోగశాలలో, చక్రములు రోలర్లపై తిరుగుచుండగా, ఏసీ లేకుండ తీసినది. కార్లను కార్లతో పోల్చుకొనుటకు అది పనికివచ్చును గాని జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు వద్ద సాయంత్రమున ఎదురగు సిగ్నళ్ళను ఆ రోలర్లు ఎరుగవు. ఇంజను వేడెక్కకముందే ముగియు చిన్న చిన్న ప్రయాణములలో పెట్రోలు మరింత త్రాగును. కృష్ణానగర్ నుండి ఫిల్మ్‌నగర్‌కు ఏసీ వేసికొని కొండ యెక్కి పోవు ప్రయాణము సరిగా అట్టిదే.

అపోహ: కొన్న కారు ఎట్లును కొన్నదే, ఆ సొమ్మును లెక్కలోనికి తీసికొననక్కరలేదు.

ఇది పూర్తిగా అపోహ కాదు, అందువలననే ప్రమాదకరమైనది. ప్రశ్న ఎప్పుడు వేసినామన్నదానిపై సమాధానము ఆధారపడును. "కారు కొనవచ్చునా" అని అడుగునప్పుడు మొత్తము వ్యయమును, అనగా మన ఉదాహరణములోని 21 రూపాయలను, ముందుంచుకొనవలెను. కారు గుమ్మములో ఉండగా "ఈ దినము కారులో పోవుదునా, మెట్రోలో పోవుదునా" అని అడుగునప్పుడు, పోయినను పోకున్నను తప్పని బీమాను, పన్నును ఈ ప్రయాణముపై మోపుట న్యాయము కాదు. పెట్రోలు, అరుగుదల, తిరిగిన దూరము వలన అమ్మకపు ధరలో తగ్గు కొంత భాగము, పార్కింగు, టోలు మాత్రమే లెక్కకు వచ్చును. మన ఉదాహరణములో అది కిలోమీటరుకు పది రూపాయల ప్రాంతము.

అమెరికాలో ఉద్యోగములు చేయుచున్న మన తెలుగువారికి ఈ భేదము ఆదాయపు పన్ను పత్రములలోనే కనబడును. అచ్చటి పన్నుల శాఖ 2024 సంవత్సరమునకు వ్యాపార ప్రయాణములకు మైలుకు 67 సెంట్లును, వైద్యము కొరకు చేయు ప్రయాణములకు 21 సెంట్లును నిర్ణయించినది. మొదటిదానిలో కారును ఉంచుకొనుటకగు స్థిరవ్యయమును, నడుపుటకగు చరవ్యయమును రెండును ఇమిడియున్నవి. రెండవది చరవ్యయము మాత్రమే. ఒకే కారు, ఒకే మైలు, మూడింతలకు పైబడిన తేడా! మనవారు చేయు పొరపాటేమనగా, కొనుటకు ముందు చిన్న అంకెను చూచి మురిసికొని, కొన్న తరువాత పెద్ద అంకెను చూచి నిట్టూర్చుట. చేయవలసినది దీనికి సరిగా విరుద్ధము.

అపోహ: నలుగురు కలిసినచో కారే చవుక.

పరిశ్రమవారికి నిత్యానుభవమైన ప్రయాణమునే తీసికొందము. అన్నపూర్ణ స్టూడియో వంటివి జూబ్లీహిల్స్ ప్రాంతముననే ఉన్నను, పెద్ద సెట్లు వేసిన చిత్రములకు 1996లో వెలసిన రామోజీ ఫిల్మ్ సిటీకి పోవక తప్పదు. కృష్ణానగర్ నుండి అది సుమారు 40 కిలోమీటర్లు, రానుపోను 80. ఒంటరిగా కారులో పోవువానికి పెట్రోలే 600 రూపాయలు దాటును. పది రూపాయల లెక్కన 800. మొత్తము వ్యయము చూచిన 1,700. యూసుఫ్‌గూడ స్టేషనులో మెట్రో యెక్కి, అమీర్‌పేటలో మారి, ఎల్.బి.నగర్‌లో దిగి, హయత్‌నగర్ మీదుగా పోవు సిటీ బస్సు పట్టుకొనువానికో, 2025 మే నెలలో సవరించిన రేట్ల ప్రకారము మెట్రో టికెట్టు కనిష్ఠము 11, గరిష్ఠము 69 రూపాయలే గనుక రానుపోను 138కి మించదు. బస్సుకు రెండు వైపుల కలిపి 80 వేసికొన్నను 218. ఒక్కనికి కారు ఏ విధముగను సరిపోలదు.

నలుగురు పోయినచో? మెట్రో, బస్సు కలిపి 872, కారుకు 800. కారు ఉన్నవాడు దానిని తీయుట తప్పు కాదని తేలినది. అయితే ఆ నలుగురిలో ఇద్దరు స్త్రీలయి, తెలంగాణ వాసులయినచో, 2023 డిసెంబరు 9న మొదలయిన మహాలక్ష్మి పథకము వలన సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో వారికి టికెట్టు లేదు. అప్పుడు మొత్తము 712కు దిగి లెక్క తారుమారగును. కాబట్టి "నలుగురము" అని చెప్పిన చాలదు, ఆ నలుగురెవరో చెప్పవలెను. పైగా నలుగురు కలిసి పోవుదుమని కొన్న కారులో ఏడాదిలో ఎన్ని దినములు ముగ్గురి సీట్లు ఖాళీగా తిరిగినవో యజమానియే చెప్పవలెను.

అపోహ: మెట్రో వచ్చినది గనుక కారు దండుగ.

ప్రజారవాణా పక్షపాతులు చేయు పొరపాటిది, వారిని మాత్రము విడిచిపెట్టుట ఎందులకు? అమీర్‌పేట నుండి హైటెక్ సిటీకి మెట్రో 2019 మార్చి 20న వచ్చినది. యూసుఫ్‌గూడ, జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 5, చెక్‌పోస్ట్, పెద్దమ్మ గుడి స్టేషన్లు కృష్ణానగర్‌కు వరప్రసాదములే. కాని ఫిల్మ్‌నగర్ కొండమీద స్టేషను లేదు. దిగినచోటి నుండి ఆఫీసుకు ఆటోవాడు అడుగునది ఒక్కొక్కసారి మెట్రో టికెట్టును మించును. ఆ సొమ్మును ప్రజారవాణా ఖాతాలోనే వ్రాయవలెను గాని, దానిని చిల్లర ఖర్చని పక్కకు నెట్టరాదు. మెట్రో ఉదయము ఆరింటికి మొదలయి రాత్రి పదకొండు ప్రాంతమున ఆగును. సెట్లో ఆరింటికే ఉండవలసిన మేకప్ మనిషికిని, తెల్లవారుజామున రెండింటికి ప్యాకప్ చెప్పించుకొన్న లైట్‌మ్యాన్‌కును ఆ రైలు లేదు. ఆ వేళలలో ప్రొడక్షను వ్యానో, పంచుకొన్న క్యాబో, మిత్రుని బైకో శరణ్యము. ప్రొడక్షను మేనేజరు కన్వేయన్స్ ఇచ్చునప్పుడు బస్సు చార్జీని కొలబద్దగా తీసికొని రాత్రి షూటింగువారికిని అదే ఇచ్చుట ఈ అపోహకు చేసిన వందనమే.

టోలు పాసు, ఎలక్ట్రిక్ కారు – ఒక మాట.

జాతీయ రహదారులపై సొంత కార్లకు 2025 ఆగస్టు 15 నుండి 3,000 రూపాయల వార్షిక ఫాస్టాగ్ పాసు వచ్చినది. ఏడాది గాని, 200 దాటుటలు గాని, ఏది ముందైన అంతవరకు చెల్లును. ఒక్కొక్క టోలుకు 15 రూపాయలే యని ప్రచారము. రెండు వందలు దాటినవానికి నిజమే. సంక్రాంతికిని దసరాకును సూర్యాపేటకు పోయి వచ్చువాడు పంతంగి, కొర్లపహాడ్ టోళ్ళను ఏడాదికి ఎనిమిదిమార్లు దాటును. అతనికి ఒక్కొక్కటి 375 రూపాయలు పడినది. ఎలక్ట్రిక్ కార్లకు 2024 నవంబరు 18 నుండి 2026 డిసెంబరు 31 వరకు తెలంగాణ ప్రభుత్వము రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును మినహాయించినది. పన్ను పోయినను తరుగుదల పోలేదు.

ఇక నా అభిప్రాయము. ఏడాదికి 5,000 కిలోమీటర్ల లోపు తిరుగు కృష్ణానగర్ వాసికి సొంత కారు విలాసమే. అవసరమైన దినమున కిరాయి కారు, మిగిలిన దినములలో మెట్రో, బస్సు అతనికి చవుక. విలాసము దోషము కాదు, అవకాశముల కొరకు ఆఫీసుల ముందు కారు దిగుట అవసరమని నమ్మువారిని నేను కాదనను. అయితే ఆ సొమ్మును రవాణా పద్దులో గాక ప్రచారపు పద్దులో వ్రాసికొనుట మేలు. పైన నేనిచ్చిన అంకెలు ఊహించుకొన్న కారువి, మీ కారువి కావు. కావున పాఠకులు రానున్న ఉగాదినాడు తమ కారు ఓడోమీటరు అంకెను ఒక కాగితము మీద వ్రాసి గోడకు అంటించి, ఆ తరువాత పెట్టిన ప్రతి ఖర్చును దాని క్రిందనే చేర్చుచు పోయి, మరుసటి ఉగాదికి కూడి భాగించి చూచుకొనవలెనని కోరుచున్నాను. కారు పాతబడిన కొలది తగ్గిన అమ్మకపు ధరను ఆ కూడికలో కలుపుట మరువకుడు.