కంప్యూటర్లు మాట కలిపితేనే... తుపాను కబురు!

తుపాను ఎక్కడ తీరం దాటుతుందో చెప్పాలంటే వేలాది ప్రాసెసర్లు గంటల తరబడి లెక్కలు కట్టాలి. లెక్కలు కట్టడం వాటికి నల్లేరు మీద బండి నడకే. వాటి మధ్య మాట కలపడమే అసలు తంటా. ఆ మాట కలిపే సాఫ్ట్‌వేర్ వెనక పెద్ద కథే ఉంది. దాన్ని ఒక యంత్రంలో కుదిర్చేసరికి ఇంజినీర్లకు తల ప్రాణం తోకకు వస్తుంది!

1977 నవంబరు 19. దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడిన రోజు. పది వేల మంది దాకా చనిపోయారని అంచనా. అంతకన్నా ఎక్కువే అన్నవాళ్లూ ఉన్నారు.

2014 అక్టోబరు 12. హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. నగరం అతలాకుతలమైంది. పచ్చగా ఉండే కొండలు మోడువారాయి. కానీ రాష్ట్రంలో ప్రాణనష్టం పదుల్లోనే ఆగింది. ఉపగ్రహాలు, రాడార్లు, తుపాను షెల్టర్లు, తీరంలోని జనాన్ని ముందే ఖాళీ చేయించిన అధికారులు... అందరికీ ఆ ఘనతలో వాటా ఉంది. తుపాను ఎటు వస్తోందో కొన్ని రోజుల ముందే పసిగట్టిన కంప్యూటర్ లెక్కలకూ ఉంది. అయితే ఆ లెక్కకు ఒక షరతు. తుపాను కన్నా అది ముందు రావాలి. ఎంత కచ్చితంగా ఉన్నా, తీరం దాటాక వచ్చిన సూచన ఎవరికి కావాలి?

అరవై నాలుగు వేల మంది లెక్కగాళ్లు

ఈ సంగతి కంప్యూటర్లు పుట్టకముందే గ్రహించినాయన ఒకరున్నారు. పేరు లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్. బ్రిటిష్ శాస్త్రవేత్త. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయుధం పట్టనని ఫ్రాన్స్‌లో అంబులెన్స్ నడిపాడు. తీరిక దొరికినప్పుడల్లా కాగితాలు ముందేసుకుని వాతావరణాన్ని సమీకరణాలతో లెక్కగట్టేవాడు. 1910 మే 20న మధ్య యూరప్‌లో ఆరు గంటల్లో గాలి పీడనం ఎంత మారుతుందన్నది ఆయన ఎంచుకున్న లెక్క. అది తేలడానికి ఆరు వారాలు పట్టింది. పోనీ జవాబైనా సరైందా అంటే అదీ లేదు. పీడనం ఏకంగా 145 మిల్లీబార్లు మారుతుందని వచ్చింది. నిజానికి ఆ రోజు అక్కడ పెద్ద మార్పేమీ లేదు. మధ్యలో ఆ రాతప్రతి యుద్ధంలో తప్పిపోయింది కూడా. కొన్ని నెలల తరవాత బెల్జియంలో బొగ్గు కుప్ప కింద దొరికింది.

ఇంకొకరైతే అక్కడితో వదిలేసేవారు. రిచర్డ్‌సన్ మాత్రం 1922లో పుస్తకమే అచ్చు వేయించాడు. తన లెక్క తప్పిందని అందులోనే రాశాడు. దాంతోపాటు ఓ వింత ఊహ చేశాడు. ఓ పెద్ద గుండ్రటి భవనం. లోపలి గోడల నిండా ప్రపంచ పటం. దాని ముందు 64,000 మంది కూర్చుని, ఎవరి ప్రాంతం లెక్క వాళ్లు కడుతుంటారు. ఎవరి జవాబు వాళ్ల దగ్గర దాచుకుంటే కుదరదు. పక్కవాళ్లకు కనిపించేలా పలకల మీద చూపిస్తూ ఉండాలి. మధ్యలో ఎత్తయిన స్తంభం మీద ఒక నాయకుడు. తొందరపడి ముందుకు పోతున్నవాళ్ల మీద గులాబీ రంగు వెలుగు, వెనకబడినవాళ్ల మీద నీలం వెలుగు వేసి అందరినీ ఒక వరసలో నడిపిస్తాడు.

మనుషుల స్థానంలో ప్రాసెసర్లను కూర్చోబెట్టండి. ఇవాళ్టి వాతావరణ సూపర్ కంప్యూటర్ అచ్చం ఇదే!

గట్టు మీది అంకెలు

ఇంతకీ పక్కవాడి జవాబు ఎందుకు? వరిమడినే చూడండి. పై మడిలోంచి నీళ్లు ఎంత దిగుతున్నాయో తెలియకుండా మన మడిలో ఎంత నిలుస్తుందో చెప్పలేం. గాలీ అంతే. బంగాళాఖాతాన్ని గళ్ల కాగితంలా విడగొట్టి ఒక్కో ముక్కను ఒక్కో ప్రాసెసర్‌కు అప్పగిస్తారు. మచిలీపట్నం ముక్క ఒకదానిది, ఒంగోలు ముక్క మరొకదానిది అనుకుందాం. ఒంగోలు మీది గాలి మచిలీపట్నం వైపు వీస్తుంటే ఆ వేగం, తేమ, పీడనం అవతలి ప్రాసెసర్‌కు తెలియాలి. అందుకే ప్రతి ప్రాసెసరూ తన గట్ల మీది అంకెలను చుట్టుపక్కల వాటికి పంపుతుంది, వాటి అంకెలు తాను తెచ్చుకుంటుంది. ఆ తరవాతే మరో అడుగు. మళ్లీ గట్ల దగ్గర ఇచ్చిపుచ్చుకోవడం. ఐదారు రోజుల సూచన తయారయ్యేలోపు ఈ తతంగం వేల సార్లు జరుగుతుంది.

గళ్లు చిన్నవైన కొద్దీ చిత్రం స్పష్టంగా వస్తుంది, పనీ పెరుగుతుంది. గడి వెడల్పును సగం చేస్తే గళ్ల సంఖ్య నాలుగింతలు. చిన్న గడికి చిన్న అడుగులే వేయాలి కాబట్టి అడుగులూ రెట్టింపు. వెరసి పని ఎనిమిదింతలు. ఒక్క యంత్రం ఎంత గట్టిదైనా మోయలేని బరువిది.

భారత్‌కు ఇది స్వానుభవమే. వాతావరణ లెక్కల కోసం 1980ల్లో అమెరికాను క్రే సూపర్ కంప్యూటర్ అడిగితే, కోరినదానికన్నా చిన్నది ఇచ్చింది. ఈలోపు 1988లో పుణెలో సీడాక్ మొదలైంది. విజయ్ భట్కర్ సారథ్యంలో 1991లో పరమ్ 8000 తయారైంది. అందులో ఒక్క మహా ప్రాసెసర్ అంటూ లేదు. ట్రాన్స్‌ప్యూటర్లనే చిన్న చిప్‌లను గుదిగుచ్చారు. ఒక్కో చిప్‌కు చుట్టుపక్కల వాటితో మాట్లాడటానికి నాలుగు లింకులు. చేతులు కలిపితే చీమలైనా పామును చంపుతాయన్న లెక్క!

ఎవరి భాష వారిదే

చేతులు కలిశాయి సరే, మాట కలవొద్దూ? 1990ల మొదట్లో అదే పెద్ద చిక్కు. ఇంటెల్ యంత్రాల మీద సందేశాలు పంపే పద్ధతి ఒకటి, ఐబీఎంది ఇంకొకటి, ఎన్‌క్యూబ్‌ది మరొకటి. ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో పుట్టిన పీవీఎం, ఆర్గోన్ ప్రయోగశాలవాళ్ల పీ4... ఇవి వేరే. ఒక యంత్రం కోసం ఏళ్ల తరబడి రాసుకున్న ప్రోగ్రాం, యంత్రం మారితే మూగదైపోయేది. కంపెనీ మూతపడితే సరే సరి.

1992 ఏప్రిల్ చివర్లో అమెరికాలోని విలియమ్స్‌బర్గ్‌లో కొందరు సమావేశమై ఉమ్మడి భాష ఒకటి కావాలన్నారు. ఆ ఏడాదే జాక్ డొంగారా మరో ముగ్గురితో కలిసి చిత్తుప్రతి రాశాడు (2021 ట్యూరింగ్ అవార్డు అందుకున్న డొంగారా ఈయనే). 1993లో దాదాపు 40 సంస్థల నుంచి 60 మంది ఆరు వారాలకోసారి కలుసుకుని వాదించుకున్నారు. పోటీ కంపెనీలవాళ్లు, విశ్వవిద్యాలయాలవాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. 1994లో మొదటి ప్రమాణం వెలువడింది. పేరు మెసేజ్ పాసింగ్ ఇంటర్‌ఫేస్... పొట్టిగా ఎంపీఐ.

కాగితం మీది ప్రమాణాలకు కొదవేముంది, కట్టి చూపేవాళ్లే కరవు. ఆ పని ఆర్గోన్‌లో విలియం గ్రాప్, యూయింగ్ లస్క్ తలకెత్తుకున్నారు. అటు చర్చలు సాగుతుండగానే ఇటు సాఫ్ట్‌వేర్ రాస్తూ వచ్చారు. ప్రమాణం వెలువడే నాటికి అది సిద్ధంగా ఉంది... అదీ ఉచితంగా! దాని పేరు ఎంపిచ్. చివరి రెండక్షరాలు కమీలియన్, అంటే ఊసరవెల్లి నుంచి వచ్చినవి. ఏ యంత్రం మీదికెక్కితే ఆ రంగులోకి మారుతుందన్నమాట. తరవాత ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో దబలేశ్వర్ పాండా బృందం వేగవంతమైన ఇన్ఫినీబ్యాండ్ నెట్‌వర్క్‌కు తగ్గట్టు దాన్ని మలిచి ఎంవాపిచ్ తెచ్చింది. వేర్వేరు విశ్వవిద్యాలయాల, ప్రయోగశాలల కృషి కలిసి ఓపెన్ ఎంపీఐ అయింది. ఇవన్నీ ఉచితమే.

మూడు ఆదేశాలు... ముప్పై చిక్కులు

చూడటానికి పని చిన్నదే. మూల కోడ్ దించుకుని కన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్ అని మూడు ఆదేశాలు ఇస్తే చాలు. పుస్తకాల్లో అలాగే ఉంటుంది.

కన్ఫిగర్ అనేది కొత్తింటికి వచ్చిన ఎలక్ట్రీషియన్ లాంటిది. ముందు ఇల్లంతా తడిమి చూస్తుంది. కంపైలర్ ఏది? ఫోర్ట్రాన్ ఉందా? నెట్‌వర్క్ కార్డు ఏ రకం? ఏం కనిపిస్తే దానికి తగ్గట్టు సాఫ్ట్‌వేర్ తయారవుతుంది. చిక్కంతా కనిపించని వాటితోనే. యంత్రంలో లక్షలు పోసి కొన్న ఇన్ఫినీబ్యాండ్ కార్డు ఉంటుంది. దాని లైబ్రరీల ఫైళ్లు ఉండాల్సిన చోట ఉండవు. కన్ఫిగర్ పేచీ పెట్టదు. లేదు కాబోలనుకుని ముందుకు సాగుతుంది. సందేశాలన్నీ మామూలు ఈథర్‌నెట్ దారి పడతాయి. ప్రోగ్రాం నడుస్తుంది, జవాబూ సరిగ్గానే వస్తుంది. కాకపోతే ఆలస్యంగా!

ఎంత ఆలస్యం? మంచి దారిలో చిన్న సందేశానికి ఒక మైక్రోసెకను, అటూ ఇటూగా. మూడు గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ గడియారం ఆలోపే మూడు వేల సార్లు కొట్టుకుంటుంది. మామూలు దారిలో పదుల మైక్రోసెకన్లు పడుతుంది. అంటే దాదాపు లక్ష టిక్కుల కాలం ప్రాసెసర్ చేతులు కట్టుకుని కూర్చున్నట్టే. ప్రతి అడుగులో, ప్రతి గట్టు దగ్గరా ఇదే వరస. బయటికి ఏ తప్పూ కనిపించని లోపం ఇది. అన్నిటికన్నా ప్రమాదకరమైనదీ ఇదే.

ఫోర్ట్రాన్‌తో ఇంకో తంటా. వాతావరణ మోడళ్లు చాలా వరకూ ఆ పాత భాషలోనే ఉన్నాయి. ఒక కంపెనీ ఫోర్ట్రాన్ కంపైలర్‌తో కట్టిన ఎంపీఐ మాడ్యూల్ ఫైలును ఇంకో కంపైలర్ చదవలేదు. మోడల్‌ను దేనితో కట్టదలిస్తే ఎంపీఐనీ దానితోనే కట్టాలి. ఆ పైన, ప్రతి కంప్యూటర్‌లోనూ అది ఒకే చోట కనిపించాలి. పాస్‌వర్డ్ అడగకుండా ఒకటి మరొకదాన్ని లోపలికి రానివ్వాలి. మధ్యలో ఫైర్‌వాల్ అడ్డుపడకూడదు. ఒకటికి రెండు నెట్‌వర్క్ కార్డులుంటే, ఎటూ పోని దారిని ఎంచుకుని ప్రోగ్రాం అక్కడే కూలబడటమూ మామూలే.

నవ్వు తెప్పించే చిక్కు ఇంకోటుంది. ఒకే యంత్రంలో రెండు రకాల ఎంపీఐలు ఉంటాయి. ప్రోగ్రాంను ఒకదానితో కట్టి, రెండోదాని ఆదేశంతో నడుపుతారు. ఎంపీఐలో ప్రతి ప్రోగ్రామూ మొదట రెండు ప్రశ్నలు వేస్తుంది. నేను ఎన్నోవాణ్ని? మనం మొత్తం ఎందరం? లెక్కింపు సున్నాతో మొదలవుతుంది. వందమందిని పంపితే సున్నా నుంచి తొంభైతొమ్మిది దాకా తలో సంఖ్య రావాలి. అలా రాదు. వందమందీ ఒకే మాట చెబుతారు... నేను సున్నా, మొత్తం ఒక్కణ్నే! పక్కన తొంభైతొమ్మిది మంది ఉన్నారని ఎవరికీ తెలియదు. పంచుకోవాల్సిన లెక్కను వందమందీ మొదటి నుంచి చివరిదాకా విడివిడిగా చేసుకుపోతుంటారు.

ముందు మీరు... కాదు, ముందు మీరు!

కన్ఫిగరేషన్ సరిగ్గా కుదిరినా, ప్రోగ్రాం రాసినవాళ్లు ఏమరితే మరో ప్రమాదం. ఇద్దరూ ఎదుటివాడి కబురు వచ్చాకే నేను పంపుతాననుకుంటే ఇద్దరూ కదలరు. దీన్ని డెడ్‌లాక్ అంటారు. ఇద్దరూ ముందు పంపేద్దామనుకున్నా కథ అడ్డం తిరగొచ్చు. సందేశం చిన్నదైతే ఎంపీఐ దాన్ని తన సంచిలో వేసుకుని పంపినవాణ్ని వదిలేస్తుంది. పెద్దదైతే అవతలివాడు చేయి చాపేదాకా ఆపుతుంది. అందుకే చిన్న పటం మీద ముచ్చటగా నడిచిన ప్రోగ్రాం, బంగాళాఖాతం మొత్తాన్నీ ఎక్కించగానే కట్టెలా బిగుసుకుపోతుంది. పరీక్షలో పాసై పనిలో కూలబడటమంటే ఇదే.

ఇన్ని తంటాలున్నా ఎంపీఐకి సాటి వచ్చింది వాతావరణ మోడళ్ల లోకంలో మరోటి లేదు. 2024 సెప్టెంబరులో పుణెలో అర్క, నోయిడాలో అరుణిక సూపర్ కంప్యూటర్లు ప్రారంభమయ్యాయి. 2025 మే 26న ఆరు కిలోమీటర్ల గళ్లతో భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ వచ్చింది. అంతకుముందు గడి పన్నెండు కిలోమీటర్లు. పాత ప్రత్యూష్ మీద పది గంటల దాకా పట్టే పని అర్క మీద నాలుగు గంటల్లో అవుతుందని శాస్త్రవేత్తలు చెప్పారు.

ఆ మరుసటి నెలలోనే ఎంపీఐ అయిదో ప్రమాణం వెలువడింది. ఒక ఎంపీఐతో కట్టిన ప్రోగ్రాంను మళ్లీ కట్టకుండా ఇంకో ఎంపీఐతో నడిపే వీలు అందులో పెట్టారు. మొదటి ప్రమాణం నుంచి అక్కడిదాకా రావడానికి 31 ఏళ్లు పట్టింది. ప్రోగ్రాంను నడిపించే ఆదేశాన్ని మాత్రం ఎవరిది వారికే వదిలేశారు.

కొత్త యంత్రం వస్తే అనుభవం ఉన్న ఇంజినీర్లు మోడల్‌ను వెంటనే ఎక్కించరు. రెండు కంప్యూటర్ల మధ్య ఒకే సందేశాన్ని అటూ ఇటూ వేల సార్లు విసిరే బుల్లి ప్రోగ్రాం ఒకటుంది. పేరు పింగ్‌పాంగ్. ముందు దాన్ని నడిపి చూస్తారు. ఒకటి రెండు మైక్రోసెకన్లలో బంతి తిరిగొస్తే సరే. పదుల్లోకి వెళ్లిందా... మళ్లీ కన్ఫిగర్ దగ్గరికే!