ఉప్పునీరే ఎర్త్

2004 డిసెంబరు 26. ఆదివారం పొద్దున్నే భూమి కంపించింది. తర్వాత సముద్రం ఊళ్ల మీద పడింది. అదే సునామీ. అండమాన్ దీవుల్లో ఫోన్లు మూగబోయాయి. తమవాళ్లు ఉన్నారో లేదో బంధువులకు తెలిసే దారి లేదు.

అప్పుడు భారతీ ప్రసాద్ అనే మహిళ పోర్టుబ్లెయిర్‌లో ఉన్నారు. ఆ ఊరికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఆమెది హామ్ రేడియో. అంటే వినడమే కాదు, మాట్లాడే రేడియో కూడా. దాంతోనే ఆమె కబుర్లు బయటికి పంపారు.

ఇలాంటి రేడియోకి టెలిఫోను తీగ అక్కర్లేదు. ఏరియల్ మాత్రం కావాలి. నిలువుగా నిలబెట్టే గొట్టం ఒక రకం ఏరియల్. చూస్తే గొట్టమే కనిపిస్తుంది. కానీ అది సగమే! రెండో సగం కింద ఉండాలి. అదే ఎర్త్. ఎర్త్ బాగా లేకపోతే రేడియో బలం చాలావరకు మట్టిని వేడి చేయడానికే పోతుంది. కబురు దూరం పోదు.

ఇంటికి కరెంటు పెట్టేటప్పుడు ఎర్త్ గుంట తవ్వుతారు. బొగ్గు, ఉప్పు వేసి నీళ్లు పోస్తారు. ఎందుకు? ఉప్పు తడిలో కరెంటు బాగా పారుతుంది. రేడియోకి ఆ గుంట ఒక్కటే చాలదు. గొట్టం మొదట్లోంచి చుట్టూ తీగలు పరచాలి, బండి చక్రం ఆకుల్లాగా. గొట్టం 5 మీటర్లుంటే ఒక్కో తీగ కూడా దాదాపు అంతే. అంటే 10 మీటర్ల వెడల్పు జాగా కావాలి. పడవలో అంత చోటెక్కడిది?

అక్కడ సముద్రమే ఎర్త్. ఉప్పునీళ్లలో కరెంటు మామూలు నేలలో కంటే సుమారు వెయ్యి రెట్లు బాగా పారుతుంది. చెరువు నీళ్లకి ఆ గుణం లేదు. పడవ అడుగున నీళ్లు తగిలేలా ఒక రాగి రేకు బిగిస్తారు. దాన్ని వెడల్పాటి రాగి పట్టీతో గొట్టం మొదలుకి కలుపుతారు. ఇనప పడవైతే రేకు కూడా వద్దు, పడవే చాలు. రేకుని లోతుకి దించితే మంచిదేమో అనిపిస్తుంది. అక్కర్లేదు. ఈ రేడియో కరెంటు నీటి పైపైన జానెడు లోపలే తిరుగుతుంది.

పట్టీ పొట్టిగా ఉండాలి. పొడుగైతే అదీ ఏరియల్‌లో భాగమైపోతుంది, లెక్క తప్పుతుంది. జెట్టీ మీద వచ్చే చిక్కు ఇదే. పోటు సమయంలో నీళ్లు దగ్గరగా ఉంటాయి. ఆటు వస్తే కిందికి దిగిపోతాయి, రేకు బురదలో మిగులుతుంది. పడవకి ఆ బాధ లేదు. నీళ్లతోపాటే లేస్తుంది, దిగుతుంది.

రేకుకి రంగు వేయకూడదు. పాచి, గుల్లలు పడితే గీకాలి. రాగికి ఇనప మేకు కొడితే ఉప్పునీళ్లు ఆ మేకుని త్వరగా తినేస్తాయి. ఉరుములు మొదలైతే మాట్లాడడం ఆపి, గొట్టానికి దూరంగా జరగాలి. నీళ్లలో రేకు ఉంది కదా అని పిడుగు ఊరుకోదు.