హెచ్‌ఐవీ రాకుండా ముందే మందు

హెచ్‌ఐవీ సోకినవాళ్లు జీవితాంతం వాడే ఏఆర్‌టీ మందుల గురించి చాలామందికి తెలుసు. సోకకముందే వాడే మందు కూడా ఉంది. దాన్ని ప్రెప్ అంటారు. టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటబిన్ కలిపిన మాత్రను రోజూ వేసుకోవాలి. అమెరికా 2012లో దీనికి అనుమతి ఇచ్చింది.

అపోహ: అది తిరుగుబోతుల మందు.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ కీడు చేస్తున్నది ఈ మాటే. కెన్యా, ఉగాండాల్లో ఈ మందును 4,700కు పైగా జంటలతో పరీక్షించారు. ప్రతి జంటలో ఒకరికి హెచ్‌ఐవీ ఉంది, మరొకరికి లేదు. లేనివారు ఈ మాత్ర వాడితే ముప్పు 75 శాతం తగ్గింది. భర్త ఏఆర్‌టీ వాడుతూ, వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి అలాగే ఉంటే లైంగికంగా భార్యకు సోకదు. కానీ ఆ స్థితికి రావడానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో ఈ మాత్ర ఆమెకు రక్షణ. ఆమెను తిరుగుబోతు అనడానికి ఎవరికైనా నోరెలా వస్తుంది?

అపోహ: ఆ మాత్రలు ఆడవాళ్లకు పనిచేయవు.

వాస్తవం: వేసుకుంటే పనిచేస్తాయి. దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వే మహిళలపై జరిగిన ‘వాయిస్’ పరిశోధనలో ఫలితం రాలేదన్నది నిజమే. రక్తం పరీక్షిస్తే చాలామందిలో మందు జాడే లేదు. మాత్రలు ఎవరి కంటైనా పడితే తమకే హెచ్‌ఐవీ ఉందనుకుంటారని కొందరు భయపడ్డారు. అంటే ఓడిపోయింది మందు కాదు. ఆర్నెల్లకోసారి తీసుకునే లెనాకపవిర్ ఇంజెక్షన్‌తో ఆ దాపరికం బాధ తప్పుతుంది. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో దాన్ని తీసుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదని 2024లో తేలింది. 2027 నుంచి పేద దేశాలకు ఏడాదికి 40 డాలర్ల ధరకు దాన్ని ఇచ్చేందుకు సిద్ధమవుతున్న కంపెనీలు మన హైదరాబాద్‌వే: డాక్టర్ రెడ్డీస్, హెటిరో.

అపోహ: ప్రెప్ ఉంటే ఇంకే జాగ్రత్తా అక్కర్లేదు.

వాస్తవం: సిఫిలిస్, గనేరియా దీనికి లొంగవు, వాటికి కండోమ్ కావాలి. మొదలుపెట్టేముందు హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరి. అప్పటికే సోకి ఉంటే ఈ రెండు మందులూ చాలవు, పైగా వైరస్ వాటికి మొండికేస్తుంది. కిడ్నీల పనితీరు, హెపటైటిస్ బి కూడా చూస్తారు. ఆపైన మూడు నెలలకోసారి మళ్లీ హెచ్‌ఐవీ పరీక్ష.

అపోహ: భయం వేసిన మర్నాడు ఒక మాత్ర మింగితే సరి.

వాస్తవం: ఒక్క మాత్రతో పోయేది కాదు. ముప్పు జరిగిపోయాక వాడేది వేరే మందుల కోర్సు, దాన్ని పెప్ అంటారు. 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. సూది గుచ్చుకున్న నర్సుకైనా, అత్యాచారానికి గురైన మహిళకైనా మొదటి కొన్ని గంటలే కీలకం. అర్ధరాత్రయినా సరే, తెల్లవారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లి పెప్ కావాలని అడగాలి. ఈ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ దగ్గర్లో ఎక్కడుందో తెలియకపోతే 1097కు ఫోన్ చేయవచ్చు. ఆ కాల్ ఉచితం.