వార్తల్లో పదం: బి-ఫారం

స్థానిక ఎన్నికల వార్తల్లో తరచూ వినిపించే బి-ఫారం, ఫలానా వ్యక్తే తమ అధికారిక అభ్యర్థి అని రాజకీయ పార్టీ ఎన్నికల అధికారికి రాసిచ్చే పత్రం. దానిపై సంతకం చేసే అధికారం ఎవరిదో ఎ-ఫారం చెబుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో మిగతా చోట్లలాగే నెల్లూరు జిల్లా మనుబోలు మండలంలోనూ సర్పంచి, వార్డు సభ్యుల ఎన్నికలు పార్టీరహితం కాబట్టి ఈ పత్రంతో పనిలేదు. ఎంపీటీసీ, జడ్పీటీసీ స్థానాలకు మాత్రం ఇదే కీలకం. నామినేషన్ వేసినవారు ఉపసంహరణ గడువులోగా దీన్ని అందజేస్తేనే పార్టీ గుర్తు దక్కుతుంది. లేకపోతే స్వతంత్రులుగా వేరే గుర్తుపై నిలబడాలి. పార్టీలో ఎన్నేళ్లు పనిచేసినా మినహాయింపు ఉండదు.

గడువు దాటాక పార్టీ మనసు మార్చుకున్నా బ్యాలెట్ మారదు. 2021 ఏప్రిల్ 8న జరిగిన పరిషత్ ఎన్నికలను బహిష్కరిస్తున్నట్లు తెలుగుదేశం కొద్ది రోజుల ముందు ప్రకటించింది. నామినేషన్ల ఘట్టం 2020 మార్చిలోనే ముగిసినందున సైకిల్ గుర్తు బ్యాలెట్‌పై అలాగే ఉంది.



ఓటరు గమనించాల్సింది గెలుపు తరువాతి సంగతి. గుర్తింపు పొందిన పార్టీ గుర్తుపై నెగ్గిన ఎంపీటీసీ, మండల పరిషత్ అధ్యక్ష ఎన్నికలో ఆ పార్టీ విప్‌కు కట్టుబడాలి. ధిక్కరిస్తే సభ్యత్వం పోతుంది. స్వతంత్రులకు ఆ నిబంధన లేదు.